నిలబడి తాగిన పెట్రోలు

గురువారం సాయంత్రం షెరిల్ ట్రక్కు తాళాలు ఐలీ బల్ల మీద పెట్టి, "వదినా, ఈసారైనా తేల్చు. రోగం బండిలో ఉందా, నా కాపురంలో ఉందా, ఏదో ఒకటి చెప్పు" అని కుంటుకుంటూ వెళ్ళిపోయిన చోట కదా మనం ఆగింది. ఆ మాట అనిపించుకున్నాక ఐలీకి నిద్ర పడితే ఒట్టు.

ఇవాళే కథలోకి అడుగుపెట్టిన వాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పేస్తాను. ఐలీ కంగాస్ కి అరవై రెండేళ్ళు. మిషిగన్ ఉత్తరపు కొసన, సాలో జంక్షన్ లో, పోయిన మొగుడు వాల్టర్ పెట్టిన గ్యారేజీని పదకొండేళ్ళుగా ఒంటిచేత్తో నడుపుతోంది. ఆర్నీ ఆవిడ తమ్ముడు, షెరిల్ మరదలు. ఆర్నీకి నలభై రెండు మైళ్ళ దూరంలో వైట్ పాయింట్ కాగితం మిల్లులో పని, ఇరవై ఆరేళ్ళుగా. అతని పికప్ ట్రక్కు గ్యాలనుకి ఇరవై మైళ్ళు ఇచ్చేది కాస్తా నవంబరు నుంచి పది కూడా ఇవ్వడం లేదు. షెరిల్ లెక్క తప్పని మనిషి. బండి అరలో చిన్న పుస్తకం పెట్టి ప్రతి శుక్రవారం తిరిగిన మైళ్ళు రాస్తుంది. ఆ మైళ్ళు మిల్లుకీ ఇంటికీ అచ్చంగా సరిపోతున్నాయి, పెట్రోలు మాత్రం రెట్టింపు పోతోంది. దాంతో ఆవిడ బుర్రలో పురుగు దొలిచింది. మొగుడు ట్యాంకులోంచి పెట్రోలు తోడి ఎవత్తె బండిలోనో పోస్తున్నాడని. నవ్వొస్తుంది గానీ, పక్కలో పడుకున్న మనిషి మూడు నెలలుగా నోరు విప్పకపోతే ఏ ఇల్లాలికైనా ఇలాంటి ఊహలే వస్తాయి.

శుక్రవారం ఉదయం. సున్నాకి పన్నెండు డిగ్రీలు కింద చలి. ఆర్నీ అక్క దగ్గరున్న పాత నీలం కారు తీసుకుని ఆరింటికే వెళ్ళిపోయాడు. ఎనిమిదింటికి ఐలీ గ్యారేజీ తలుపు దింపి, హీటరు పెట్టి, ట్రక్కుకి, బండి కంప్యూటరులోని అంకెలు చూపించే రీడరు తగిలించి కూర్చుంది.

ఇది మూడోసారి చూడటం. సెన్సరంటే సాక్షి లాంటిది. ఇంజనులో ఏం జరుగుతోందో కంప్యూటరుకి చెప్పడమే దాని పని. సాక్షి అబద్ధమాడితే కంప్యూటరు తప్పు తీర్పిచ్చి అవసరానికి మించి పెట్రోలు పోస్తుంది. డిసెంబరులో మొదటిసారి వచ్చినప్పుడు ఐలీ పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సరుని విప్పి చూసింది. దాని మూతి నిండా నల్లటి మసి. ఇదే దొంగ అనుకుని మార్చేసింది. మైలేజి పెరగలేదు. జనవరి మొదట్లో మళ్ళీ వస్తే, నీళ్ళ వేడి చెప్పే సెన్సరు మీద అనుమానపడింది. ఇంజను వేడెక్కినా ఇంకా చల్లగానే ఉందని అది చెబుతుంటే పెట్రోలు పోతూనే ఉంటుంది మరి. అదీ మార్చింది. గుక్కెడు కూడా కలిసిరాలేదు.

ఇవాళ ఒక్కొక్కదాన్నీ నిలబెట్టి అడిగింది. ఆక్సిజన్ సెన్సరు చురుగ్గా కిందికీ పైకీ ఊగుతోంది, ఎక్కడా తడబాటు లేదు. నీళ్ళ వేడి ఉండాల్సినట్టే నూట తొంభై అయిదు ఫారెన్‌హీట్ దగ్గర నిలబడింది. లోపలికి పోయే గాలిని కొలిచే సెన్సరు కూడా పుస్తకంలో ఉన్నంతే చూపించింది. కంప్యూటరు పెట్రోలుని అటూ ఇటూ సర్దుకునేది రెండు మూడు శాతం, అంతే. బండి కింద పడుకుని ట్యాంకూ గొట్టాలూ తడిమింది. వాసన లేదు, తడి లేదు. చక్రాలు చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగాయి. అందరూ నిజమే చెబుతున్నారు, మరి పెట్రోలు ఎక్కడికి పోతోంది? ఐలీకి ఒళ్ళు మండింది. బండి మీద కాదు, తన మీద.

విసుగ్గా పని చీటీ తీసి రాయబోయింది. ఆ గ్యారేజీ చీటీలో మైళ్ళ గడి పక్కన గంటల గడి కూడా ఉంటుంది. వాల్టర్ అడవిలో దుంగలు లాగే యంత్రాలు బాగుచేస్తూ పైకొచ్చిన మనిషి. ఆ యంత్రాలకి మైళ్ళుండవు, ఇంజను తిరిగిన గంటలే వాటి వయసు. కార్లు వచ్చినా ట్రక్కులు వచ్చినా అదే చీటీ వాడాడు, ఐలీ కూడా అదే వాడుతోంది. రీడరులో కనబడే అంకెలతో రెండు గడులూ నింపడం, చీటీని మేకుకి గుచ్చడం, మర్చిపోవడం. పదకొండేళ్ళుగా కార్ల గంటల గడిని తిరిగి చూసిన పాపాన పోలేదు.

ఇవాళ రాస్తూ పాత చీటీ పక్కన పెట్టుకుంది, చేతి అలవాటు కొద్దీ. మూడు వారాల్లో ట్రక్కు పదమూడు వందల మైళ్ళు తిరిగింది. బాగానే ఉంది. ఇంజను తిరిగిన గంటలు నూట యాభై ఒకటి. ఐలీ కళ్ళజోడు సర్దుకుంది. కొత్త అంకెలోంచి పాత అంకెని మళ్ళీ తీసివేసి చూసింది. నూట యాభై ఒకటే. పదమూడు వందల మైళ్ళకి మంచులో నెమ్మదిగా పోయినా ముప్ఫై గంటలు చాలు. మిగిలిన నూట ఇరవై గంటలు ఇంజను తిరుగుతూనే ఉంది, చక్రం మాత్రం కదల్లేదు. మూడు వారాలంటే పదిహేను పనిరోజులు. ఆవిడ భాగహారం వేలి మీదే చేసుకుంది. రోజుకి ఎనిమిది గంటలు.

సరిగ్గా ఒక షిఫ్టు.

డిసెంబరు చీటీ కూడా మేకు నుంచి లాగి చూసింది. అదీ అంతే. అంటే రెండో చీటీ రాసిన రోజే చూసి ఉంటే అప్పుడే తెలిసేది. చూడకుండా, మసిని పట్టుకుని నిక్షేపంలాంటి సెన్సర్లు రెండు పీకి చెత్తలో పారేసింది. గంటల తరబడి నిలబడి మండిన ఇంజను మసి పట్టక ఏం చేస్తుంది? మంచి భాగం మీద నేరం మోపకూడదన్నది వాల్టర్ పెట్టిన ఒకే ఒక్క నియమం. ఐలీకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గు వెనకే భయం కూడా వచ్చింది. మిల్లులో ఎనిమిది గంటలు పనిచేసేవాడి బండి పార్కింగులో చల్లబడి, గడ్డకట్టి ఉండాలి. ఎనిమిది గంటలూ వెచ్చగా ఉందంటే అందులో మనిషి ఉన్నట్టే కదా.

ఆవిడ కోటు తొడుక్కుని, ట్రక్కునే వేసుకుని వైట్ పాయింట్ దారి పట్టింది.

మిల్లు గేటు దగ్గర ఆగి అడగొచ్చు. అడిగితే పరువు పోతుంది, తమ్ముడిది. కాబట్టి గేటు దాటి, ఊరి వీధులు దాటి, చలికాలంలో మగవాడు ఎవరి కంటా పడకుండా కూర్చోగల చోటేదా అని ఆలోచించింది. సరస్సు ఒడ్డున పడవలు దింపే రేవు ఉంది. వేసవిలో కాలు పెట్టే సందుండదు, జనవరిలో కుక్క కూడా రాదు. అక్కడ రెండే బళ్ళున్నాయి, ఒకదానికొకటి దూరదూరంగా. రెండింటి వెనకా తెల్లటి పొగ లేస్తోంది. ఒకటి ఎవరిదో వ్యాను. రెండోది తన నీలం కారు.

ఆర్నీ ట్రక్కుని చూశాడు. తప్పించుకోవడానికి చోటు లేదు, ముందు సుపీరియర్ సరస్సు, వెనక అక్క. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని బడిపిల్లాడిలా కూర్చున్నాడు. ఐలీ తలుపు తీసి పక్క సీట్లో కూర్చుంది. కారులో కాఫీ వాసన, దాని మీద మిల్లు వాసన, కుళ్ళిన క్యాబేజీలాంటిది. ఈ తీరంలో పుట్టిన వాళ్ళకి అది అన్నం పెట్టే వాసన.

అవతల వ్యానులో ఉన్న ముసలాయన ఇటు చూసి చెయ్యి ఊపాడు. ఆర్నీ కూడా ఊపాడు.

"ఎవడు వాడు?" అంది ఐలీ.

"తెలీదు. రోజూ వస్తాడు."

"నువ్వు రోజూ వస్తావు కాబట్టి తెలిసిందన్నమాట."

ఆర్నీ తల దించుకున్నాడు. తిడుతుందని ఎదురుచూస్తున్నట్టున్నాడు. ఐలీ తిట్టలేదు, పని చీటీ తీసి అతని ఒళ్ళో పెట్టింది. అంకెల వంక చాలాసేపు చూశాడు. మైళ్ళ సంగతి షెరిల్ పుస్తకంలో రాస్తుందని తెలుసు కాబట్టి మైళ్ళకి మచ్చ రాకుండా చూసుకున్నానని, గంటలు కూడా బండి లెక్కపెడుతుందని అనుకోలేదని చెప్పాడు. అది చెప్పేటప్పుడు అతని గొంతులో చిన్న మెచ్చుకోలు కూడా ఉంది. మెచ్చుకోలు వింటే ఐలీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎన్నాళ్ళయిందని గద్దించి అడిగింది.

అక్టోబరు ఆఖరి వారం అన్నాడు. అడిగినకొద్దీ మిగతాదంతా ముక్కలు ముక్కలుగా వచ్చింది. కొత్తగా వచ్చిన సూపర్వైజరు, ఆర్నీ కొడుకంత వయసు కూడా లేనివాడు, నలుగురి ముందూ ఒక మాట అన్నాడట. హెల్మెట్టు పట్టీ సరిగ్గా పెట్టుకోలేదని. ఇరవై ఆరేళ్ళుగా పెట్టుకుంటున్న హెల్మెట్టు. ఆర్నీ దాన్ని తీసి వాడి కాళ్ళ దగ్గర పారేసి, నువ్వే పెట్టుకో అని బయటికి నడిచాడు. ఎవరూ తీసెయ్యలేదు, తనంతట తానే పోయాడు. మర్నాడు పిలుస్తారనుకున్నాడు. వారం చూశాడు. తనంతట తాను పోయినవాడికి నిరుద్యోగ భృతి కూడా రాదని రెండో వారంలో తెలిసింది. కోపం గంటసేపు, పశ్చాత్తాపం నూరేళ్ళు అంటారు, ఐలీ పుట్టింటి నీమి వంశానికి ఆ గంట కూడా అక్కర్లేదు, అయిదు నిమిషాలు చాలు.

"యూనియను వాళ్ళని కలిశావా?"

"కలిశా. మూడు రోజుల్లో రావాల్సిందన్నారు."

"మరి మూడు రోజులూ ఏం చేశావురా?"

"ఇక్కడే కూర్చున్నా, అక్కా."

మిల్లు నుంచి వచ్చిన కాగితాలన్నీ తపాలాఫీసులో వాళ్ళ పెట్టెకి వచ్చేవి. ఆ తాళం చెవి ఆర్నీ దగ్గరే ఉంటుంది. జీతం పడే శుక్రవారాల్లో, పదవీ విరమణ కోసం దాచుకున్నది కొంచెం కొంచెం లాగి అంతే మొత్తం బ్యాంకులో వేస్తున్నాడు. ఏప్రిల్ దాకా వస్తుందట. ఏప్రిల్ తరవాత ఏమిటని ఐలీ అడిగితే కిటికీలోంచి బయటికి చూశాడు.

అప్పుడు గమనించింది. ఇంత చలిలో వెనక కిటికీ వేలెడంత దించి ఉంది. హీటరు పెట్టుకుని కిటికీ తెరుచుకోవడం ఏం తెలివి అని, అలవాటు కొద్దీ మూయబోయింది. ఆర్నీ వద్దన్నాడు.

"గాలి ఎటు వీస్తోందో చూసి, దానికి అడ్డంగా పెట్టి ఆపుతా. బట్టలకి మిల్లు వాసన పట్టాలి కదక్కా. లేకపోతే షెరిల్ కి తెలిసిపోదూ?"

ఐలీ చెయ్యి కిటికీ మీట మీదే ఉండిపోయింది. వాడిని నాలుగు ఉతుకుదామని వచ్చింది. చిన్నప్పుడు ఐసు మీద పడి పన్ను ఊడితే, అమ్మ తిడుతుందని ఆ పన్నుని మళ్ళీ చిగుర్లో గుచ్చుకోబోయిన పిల్లాడు వీడే. ఇప్పుడు యాభై ఏడేళ్ళు. బుద్ధి అక్కడే ఉంది. ఆవిడకి జాలేసింది, అసహ్యమేసింది, రెండూ ఒకేసారి వేశాయి, ఏది ముందో తేల్చుకోలేకపోయింది.

మొదటి వారమే ఎందుకు చెప్పలేదని అడిగింది. ఆర్నీ వెనక సీట్లో ఉన్న అన్నం డబ్బా వైపు చూపించాడు. షెరిల్ కి తుంటి ఎముక అరిగిపోయింది, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. అయినా రోజూ తెల్లారగట్ల అయిదింటికి లేచి, మాంసమూ బంగాళాదుంపా పిండిలో కూరి పేస్టీ కాల్చి, వేడివేడిగా గుడ్డలో చుట్టి చేతికిస్తుంది. ఆ డబ్బా అందుకునేటప్పుడు చెప్దామనుకుంటాడు. ఆ నిమిషం దాటిపోతుంది. ఇక్కడికొచ్చి కూర్చుంటాడు. మిల్లులో భోజనాల కూత వినబడగానే డబ్బా తెరుస్తాడు. కూత కన్నా ముందు ఒక్కరోజు కూడా ముట్టలేదన్నాడు, అదేదో ఘనకార్యమైనట్టు.

ఐలీ ఉపాయాలు వెతికింది. అడవి పనికి పోతావా అంది. నడుము పడిపోయింది, ఎవరు పెట్టుకుంటారన్నాడు. గ్యారేజీకి వచ్చి నాకు సాయం చెయ్యమంది. నీకే పనిలేదు కదక్కా అన్నాడు, అదీ నిజమే. వైట్ పాయింట్ లో రెండు కొట్లు మూతబడ్డాయి, మూడోది పడబోతోంది. ఏ తలుపు తట్టినా లోపల గోడే ఉంది.

"బీమా?" అంది ఆఖరికి. "మీ ఇద్దరికీ వైద్యం మిల్లు బీమా మీదే కదా?"

"అక్టోబరుతోనే పోయింది. కానీ షెరిల్ కి బడి వంటింట్లో ఉద్యోగం ఉంది. మిల్లుది బాగుందని వద్దంది గానీ, వాళ్ళూ బీమా ఇస్తారు. అందులో ఇద్దరం చేరొచ్చు. తుంటి ఆపరేషను దాని మీద చేయించొచ్చు. ఇంటికి అదొక్కటే ఆధారమక్కా. అది ఉందనే బతికున్నా."

ఐలీ వాడి ముఖంలోకి చూసింది. ఆ చివరి మాట వట్టి మాట వరసకి అన్నది కాదని ఆవిడకి తెలిసింది. వాల్టర్ పోయిన ఏడు ఆవిడకీ అలాంటి రోజులు వచ్చాయి. అందుకే ఎత్తిన గొంతు దించింది. రేపు శనివారం, సౌనా రోజు. వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ ఆవిరి గదిలో గొంతు పెంచకూడదన్నది కట్టుబాటు. ఎంత పెద్ద మాటైనా అక్కడ నెమ్మదిగానే చెప్పాలి, నెమ్మదిగానే వినాలి. రేపు సాయంత్రం సౌనాలో షెరిల్ కి చెప్పాలనీ, బయటి గదిలో తను కూర్చుంటాననీ, చెప్పకపోతే ఆదివారం పొద్దున్నే తనే చెప్తాననీ అంది. ఆర్నీ సరేనన్నాడు. రెండోసారి అడిగితే కూడా సరేనన్నాడు. ఒక్కరోజు, అంతే కదా అనుకుంది ఐలీ.

సరిగ్గా అప్పుడు ఆవిడ కోటు జేబులో ఫోను మోగింది. షెరిల్. పిల్లలు భోజనానికి దిగేలోగా, వంటింటి వెనక నిలబడి చేస్తున్నట్టుంది, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"వదినా, తేలిందా? పొద్దుట్నుంచి నా ప్రాణం నాలో లేదు. ఏదైనా చెప్పు, తట్టుకుంటా."

ఆర్నీ వినకూడదన్నట్టు ముఖం పక్కకి తిప్పాడు గానీ ప్రతి మాటా వింటున్నాడు. నలభై రెండు మైళ్ళ అవతల ఉన్న ఆడదానికి ఫోనులో చెప్పే మాట కాదిది. పక్కన ఈ మనిషి, ముందు ఆ నీళ్ళు. ఇప్పుడు చెప్పడమంటే ఇద్దరినీ ఒకే దెబ్బకి తోసేసినట్టు. రేపటిదాకా ఆగితే ఏం మునుగుతుంది?

"సెన్సరే షెరిల్" అంది. "గాలి కొలిచే సెన్సరు. మారుస్తున్నా."

"నిజంగా? దాని వల్లేనా ఇంత పోయేది?"

"దాని వల్లే. నీ మొగుడు ఎక్కడికీ తిరగలేదు. ఏ ఆడదాని గుమ్మమూ తొక్కలేదు. నా మాట నమ్ము."

ఆ చివరి ముక్క నిజమే కాబట్టి గొంతు తడబడలేదు. షెరిల్ ముక్కు చీదిన శబ్దం వినిపించింది. నువ్వు చెప్పాక ఇంకేముంది వదినా, నువ్వు చెప్పాక ఇంకేముంది, అని రెండుసార్లు అని పెట్టేసింది. ఆర్నీ ఏడుస్తున్నాడు. ఐలీకి ఓదార్చబుద్ధి కాలేదు. పదకొండేళ్ళలో మొదటిసారి, మంచిదని తెలిసి తెలిసి ఒక సెన్సరు మీద నేరం మోపింది.

తిరిగొచ్చేసరికి ఒంటిగంట. చలికి వేళ్ళు పనిచెయ్యలేదు. అయినా చేసిన అబద్ధానికి ఆకారం ఉండాలి కదా, ట్రక్కు ముందు మూత ఎత్తి, గాలి సెన్సరు విప్పి, శుభ్రంగా తుడిచి మళ్ళీ పెట్టింది. దానికి రాసిన కొత్త చీటీ మీద ఏం రాయాలో తోచక గంటల గడి ఖాళీగా వదిలేసింది.

మూడుంపావుకి షెరిల్ వచ్చింది. చేతికర్ర లేకుండా వచ్చింది. పెదాలకి ఎరుపు కూడా రాసుకుంది. చంకలో యాలకుల రొట్టె, పొయ్యి గోడ తగిలి ఒకవైపు మాడింది, ఇంకా వేడిగా ఉంది. నీకోసమే బడి పొయ్యిలో కాల్చానంది. వంటగత్తెగా ఆ పొయ్యిలో కాల్చిన ఆఖరి రొట్టె అంది.

ఐలీకి ముందు ఆ మాట ఎక్కలేదు. రొట్టె అందుకుని, "ఆఖరిదేమిటి?" అంది.

షెరిల్ ముఖం వెలిగిపోతోంది. పెట్టె మీద మెల్లిగా కూర్చుంటూ చెప్పుకొచ్చింది. రాజీనామా కాగితం కొత్త సంవత్సరం నాడే రాసిందట. తుంటి ఇక మొయ్యలేకపోతోంది, పొద్దస్తమానం సిమెంటు నేల మీద నిలబడి రెండొందల మందికి వండటం తన వల్ల కాదు. డాక్టరు కూడా మానెయ్యమనే అన్నాడు. కానీ కాగితం సంచీలోనే పెట్టుకు తిరిగింది. మొగుడి మీద ఆ పాడు అనుమానం ఉండగా ఎలా మానేస్తుంది? రేపు వదిలేసి పోతే తన పొట్ట తను పోసుకోవాలి కదా.

"నీ ఫోను పెట్టేసి తిన్నగా ప్రిన్సిపాలు గదికి పోయా వదినా. ఇచ్చేశా. ఆవిడ అక్కడికక్కడే సంతకం పెట్టించుకుంది. సోమవారం నుంచి నా చోట్లో ఇంకొకావిడ. మూడేళ్ళుగా ఎదురుచూస్తోంది పాపం, కౌగిలించుకుని ఏడ్చింది."

ఐలీ రొట్టెని బల్ల మీద పెట్టింది. పెట్టాననుకుంది, అది నేల మీద పడింది.

"ఆ కాగితం వెనక్కి తీసుకోవచ్చా?"

"ఎందుకు తీసుకుంటా?" షెరిల్ నవ్వింది. "నువ్వూ నా మొగుడు లాగే భయస్తురాలివి. ఆయనకి మిల్లు ఉంది, మిల్లు బీమా ఉంది. ఫిబ్రవరి పదకొండున ఆపరేషను. ఇవాళ పొద్దున్నే తారీఖు ఇచ్చారు. నీకు చెప్పలేదు కదూ. ఆర్నీకి కూడా చెప్పలేదు, రేపు సౌనాలో చెప్దామని."

ఒంగి రొట్టె తీయబోయింది, తుంటి కలుక్కుమని ఆగిపోయింది. ఐలీ కదల్లేదు. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. ఇప్పుడు చెప్పినా ఒరిగేదేమీ లేదు, వెనక్కి వచ్చేదేమీ లేదు, అయినా చెప్పాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, ఆ చేతులు కూడా తనవి కావు. గ్యారేజీ చీటీ ఒకటీ, పెన్నూ తీసుకుని, షెరిల్ ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుంది.

"షెరిల్, ఆ బండి సెన్సరు సంగతి..."

షెరిల్ సంచీలో ఫోను మోగింది. ఆవిడ తీసి చూసుకుని, ఒక్క నిమిషమని వేలు చూపించింది.

"మిల్లు ఆఫీసు వదినా. ఆసుపత్రి వాళ్ళు బీమా నంబరు అడిగారు, పొద్దున ఫోను చేసి పెట్టా. చూసి చెప్తామన్నారు. కాస్త పెన్నివ్వు."

షెరిల్ తనే ఐలీ చేతిలోని చీటీనీ పెన్నునీ తీసుకుంది. చీటీ తిరగేసి ఒళ్ళో పెట్టుకుని, రాసుకోవడానికి చెయ్యి ఖాళీగా ఉండాలని ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కింది. ఆర్నీ నీమి భార్యని మాట్లాడుతున్నానంది, కొంచెం గర్వంగానే. అవతల ఎవరో చిన్నపిల్ల గొంతు. అలాంటి పేరు ఇక్కడ కనబడటం లేదండీ, మళ్ళీ ఒకసారి చెబుతారా అంది.

షెరిల్ విసుక్కోలేదు. ఇరవై ఆరేళ్ళ నుంచి అక్కడే చేస్తున్నారమ్మా, కిందికి చూడు, అని ఒక్కో అక్షరం విడదీసి చెప్పడం మొదలుపెట్టింది.